చావెరుగని కణములు

మన యిండ్లలో ప్రతి రాత్రియు జరుగు నొక చిన్న పనిని మీరు చూచియే యుందురు. గృహిణి కాచి చల్లార్చిన పాలలో చెంచాడు పెరుగు కలిపి మూతపెట్టును. తెల్లవారుసరికి ఆ పాలన్నియు తోడుకొని పెరుగగును. ఆ పెరుగునుండియే మరునాటికి మరల తోడు. ఒకనాడు ఇంట తోడు లేకపోయినచో పొరుగింటినుండి కొంచెము తెచ్చుకొందురు. ఆ పొరుగువారు మరియొకరికిని ఇత్తురు. ఇట్లొక యింటి తోడు వీధివీధికి వ్యాపించి, ఏండ్ల తరబడి నిలిచియుండును. మొదట అది ఎవరింటిదో ఎవరికిని జ్ఞాపకముండదు.

వైద్యశాస్త్ర ప్రపంచమునందును ఇట్టి తోడొకటి కలదు. అది పాలకు సంబంధించినది కాదు, మానవ దేహమునకు సంబంధించినది. 1951వ సంవత్సరమున ఒక పేద స్త్రీ దేహమునుండి తీసిన చిన్న తునక యొక్క సంతతి నేటికిని దేశదేశముల పరిశోధనశాలలలో సజీవముగా పెరుగుచున్నది. పోలియో మొదలుకొని క్యాన్సరు వరకు పెక్కు వ్యాధుల రహస్యములు తెలియుటకు అది తోడ్పడినది. అయినను ఆ తోడు ఎవరింటిదో లోకము చాలకాలము తెలిసికొనకయే యుండెను. ఆ వృత్తాంతమును ఇప్పుడు తెలిసికొందము.

గోడ ఇటుకలతో కట్టబడినట్లు మన దేహము కణములతో కట్టబడినది. కాని ఇటుక జడమైనది, కణము ప్రాణముగలది. అది ఆహారమును గ్రహించును, పెరుగును, రెండుగా చీలి సంతతిని వృద్ధిచేసికొనును. కంటికి కనబడనంత సూక్ష్మమైన ఇట్టి కణములు మానవ దేహమున సుమారు 30 లక్షల కోట్లు ఉండునని శాస్త్రజ్ఞుల అంచనా. రోగమనునది ఎక్కడ పుట్టినను తుదకు ఈ కణములలోనే తన పని సాగించును. కావున రోగమును గుర్తెరుగవలెనన్న కణమును గుర్తెరుగవలెను.

కాని, బ్రతికియున్న మనుష్యుని కాలేయమును దినదినము తెరచి చూచుట సాధ్యమా? గుణదోషములు తెలియని క్రొత్త మందును నేరుగా రోగి కిచ్చి పరీక్షించుట న్యాయమా? ఈ చిక్కునుండి బయటపడుటకు శాస్త్రజ్ఞుల కొక ఉపాయము తోచెను. దేహమునుండి కొన్ని కణములను తీసి, గాజుపాత్రలో వానికి తగిన ఆహారమును, వెచ్చదనమును సమకూర్చి పెంచినచో, వానిపై ఎన్ని పరీక్షలైనను చేయవచ్చును గదా! 1907లో అమెరికా దేశీయుడగు రాస్ హారిసన్ అను శాస్త్రజ్ఞుడు కప్ప పిండమునుండి తీసిన నరపు కణములను దేహము వెలుపల పెంచి చూపెను. ఈ పద్ధతికి కణవర్ధనమని పేరు.

మానవ కణముల విషయమున మాత్రము ఈ ప్రయత్నము చాలకాలము ఫలింపలేదు. పాత్రలో వేసిన కణములు కొన్ని దినములు, మించినచో కొన్ని వారములు బ్రతికి నశించుచుండెను. ప్రయోగము సగములో నుండగనే కణములు చనిపోయెడివి. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్సు వైద్యశాలలో జార్జి గై అను శాస్త్రజ్ఞుడు, ఆయన భార్య మార్గరెట్ ఏండ్ల తరబడి ఈ కృషియందే మునిగియుండిరి. కణముల ఆహారమునకై వారు కోడి రక్తమునుండి తీసిన ద్రవమును, దూడ పిండముల సారమును, కాన్పుల సమయమున బొడ్డుత్రాడునుండి సేకరించిన రక్తరసిని కలిపి ఒక పాకము సిద్ధపరచిరి. పరీక్షనాళికలను మెల్లమెల్లగా త్రిప్పుచుండు యంత్రము నొకదానిని జార్జి గై తన చేతులతోనే నిర్మించెను. ఇంత చేసినను ఓటమియే మిగులుచుండెను.

ఆ దినములలో హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ ఆ వైద్యశాలకు వచ్చెను. ఆమె 1920 ఆగస్టు 1వ తేదీన వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయి, క్లోవరు అను పల్లెలో తాతగారియింట పెరిగెను. ఒకప్పుడు బానిసలు నివసించిన కొయ్యయిల్లే వారి నివాసము. పొగాకు చేలలో పనిచేయుటయే వారి జీవనము. వివాహమైన తరువాత ఆమె భర్తతో బాల్టిమోరు సమీపమునకు వచ్చెను. భర్త ఉక్కు కర్మాగారమున పనివాడు. వారికి ఐదుగురు బిడ్డలు.

1951 ప్రారంభమున, కడుపులో గడ్డయున్నట్లు తోచుచున్నదని ఆమె వైద్యుల కడకు పోయెను. నల్లజాతి పేదలకు చికిత్స చేయు వైద్యశాలలు ఆ ప్రాంతమున అరుదు. జాన్స్ హాప్కిన్సు వారు చికిత్స చేయుచుండిరి గాని, వారికి వేరు గదులు కేటాయించుచుండిరి. పరీక్షింపగా ఆమెకు గర్భాశయ ముఖమున క్యాన్సరు ఉన్నట్లు తేలెను. నాటి పద్ధతి ననుసరించి రేడియముతో చికిత్స చేసిరి. చికిత్సకు ముందు వైద్యుడు ఆ గడ్డనుండి చిన్న తునకను తీసి జార్జి గై పరిశోధనశాలకు పంపెను. చికిత్సకు ఆమె సమ్మతించినదే గాని, ఈ తునక సంగతి ఆమెతో ఎవరును చెప్పలేదు. ఆమె సమ్మతిని ఎవరును అడుగలేదు. అట్లడుగు ఆచారము నాటి వైద్యలోకమున లేకుండెను.

పరిశోధనశాలలో మేరీ కుబిచెక్ అను సహాయకురాలు ఆ తునకను సన్నగా కోసి నాళికలలో వేసెను. మిక్కిలి ఆశ యేమియు ఆమెకు లేదు. రోగి పేరు, ఇంటిపేరుల మొదటి అక్షరములు చేర్చి ఆ నాళికలపై 'హీలా' అని గుర్తు వ్రాసెను. కొలది దినములలో ఒక వింత కనబడెను. కణములు చావకపోవుటయే కాక, అతివేగముగా పెరుగజొచ్చెను. సుమారు దినమున కొకమారు వాని సంఖ్య రెట్టింపగుచుండెను. ఈ వేగమెట్టిదో మీరే లెక్కవేసి చూడుడు. ఒక్క కణముతో ప్రారంభించినచో పది దినములకు 1,024 కణములగును. ఇరువది దినములకు పదిలక్షలు దాటును. ముప్పది దినములకు 107 కోట్లకు పైబడును. పురాణములందలి రక్తబీజుని కథ మీరు వినియుందురు. నేలబడిన ప్రతి రక్తపు బొట్టునుండియు ఒక క్రొత్త రాక్షసుడు లేచుచుండెను గదా! క్యాన్సరు కణముల స్వభావము అట్టిదే. కాని ఆ రాక్షసబలమే ఇక్కడ మానవులకు ఉపకారమునకు వచ్చెను.

నాళికలలో కణములు వర్ధిల్లుచుండగా, హెన్రియెట్టా దేహమున వ్యాధియు అట్లే వర్ధిల్లెను. 1951 అక్టోబరు 4వ తేదీన, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున, ఆమె కన్నుమూసెను. ఆమెను క్లోవరులో పూడ్చిరి. ఆ సమాధిపై పేరు చెక్కిన రాయి యైనను నిలుపబడలేదు.

ఒకే మూలమునుండి పుట్టి, తరతరములుగా పాత్రలలో పెంచబడుచు వచ్చు ఇట్టి కణసంతతికి కణశ్రేణి యని పేరు. హీలా మానవ కణశ్రేణులలో మొదటిది. జార్జి గై దానిని తనయొద్దనే దాచుకొనలేదు. అడిగిన ప్రతి శాస్త్రజ్ఞునికిని మూల్యము తీసికొనకయే పంపెను. వారు తమ మిత్రులకు పంచిరి. తోడు పంచుకొన్నట్లే ఈ కణములు ఖండఖండాంతరములకు వ్యాపించెను.

వీనివలన కలిగిన మొదటి గొప్ప మేలు పోలియో విషయమున కనబడెను. ఆ కాలమున వేసవి వచ్చినదన్న అమెరికాలో తల్లిదండ్రుల గుండెలు దడదడలాడుచుండెను. పోలియో సోకిన బిడ్డలు కాళ్లు చచ్చుబడి మంచముపాలగుచుండిరి. జోనస్ సాల్క్ అను శాస్త్రజ్ఞుడు 1952 నాటికి ఒక టీకాను సిద్ధపరచెను. దానిని 1954లో లక్షలాది బాలబాలికలపై పరీక్షింప నిశ్చయించిరి. టీకా పనిచేసినదో లేదో తెలియుట యెట్లు? బిడ్డ రక్తరసిని పోలియో వైరసుతో కలిపి, ఆ మిశ్రమమును సజీవ కణములపై పోయవలెను. టీకా ఫలించియున్నచో రక్తమందలి ప్రతిరక్షకములు వైరసును అణచివేయును, కణములు బ్రతుకును. ఫలింపనిచో కణములు చచ్చును. ఈ పరీక్షకు అంతవరకు కోతుల కణములను వాడుచుండిరి. కోతులు ఖరీదైనవి, లక్షలకొలది పరీక్షలకు చాలవు. హీలా కణములలో పోలియో వైరసు చక్కగా పెరుగునని 1953లో తెలియగనే ఆ కొరత తీరినది.

అలబామా రాష్ట్రమందలి టస్కీగీ విద్యాసంస్థలో ఈ కణములను పెద్దయెత్తున పెంచుటకు ఒక కేంద్రమును స్థాపించిరి. నల్లజాతివారి విద్యకై వెలసిన సంస్థ అది. నల్లజాతి శాస్త్రజ్ఞులును, సహాయకులును అందు పనిచేసి, ఒక దశలో వారమునకు 20,000 నాళికల కణములను దేశమందలి పరిశోధనశాలలకు పంపిరి. టీకా సురక్షితమనియు, ఫలప్రదమనియు 1955 ఏప్రిల్ 12వ తేదీన ప్రకటించిరి. ఆనాడు ప్రారంభమైన పోరాటము దేశదేశములకు ప్రాకెను. మన భారతదేశమున సహజ పోలియో వైరసు వలన వ్యాధి సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో మన దేశము పోలియోరహితమని ధ్రువపరుపబడెను. ఈ విజయము వేలాది శాస్త్రజ్ఞుల, వైద్యుల, ఇంటింటికి తిరిగి చుక్కలు వేసిన సేవకుల కృషిఫలము. అందు ఆ పేదరాలి కణములకును పాలు కలదు.

కణవర్ధనము తెలిపిన రహస్యము లింకను కలవు. మానవ కణమున క్రోమోసోములు 48 అని శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మియుండిరి. పాత్రలో పెంచిన కణములను పలుచని ద్రవమున నుంచినచో అవి ఉబ్బి, చిక్కుపడియున్న క్రోమోసోములు విడివడి స్పష్టముగా కనబడునని తెలిసిన తరువాత, ఆ లెక్క సరికాదని తేలెను. స్వీడను దేశమున త్యో, లెవాన్ అను నిరువురు ఈ పద్ధతితో 1956లో ఆ సంఖ్య 46 అని నిరూపించిరి. క్రోమోసోము ఒకటి యెక్కువగుటవలన డౌన్ లక్షణము కలుగునని 1959లో ఫ్రాన్సు దేశీయులు కనుగొనుటకు ఇదియే దారి చూపెను.

ఇక్కడ మీకొక సందేహము కలుగవచ్చును. కణములన్నియు హీలావలె చావులేనివేనా? కావు. 1961లో ఫిలడెల్ఫియాలో లియొనార్డు హేఫ్లిక్, పాల్ మూర్హెడ్ అను శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతమగు మానవ కణములు సుమారు ఏబదిమార్లు చీలిన పిదప ముదిమి చెంది, చీలుట మానివేయునని చూపిరి. దీనికి హేతువు తరువాత తెలిసినది. త్రాటికొన పురి విడకుండ ముడివేయుదుము గదా! క్రోమోసోముల కొనలకును అట్టి రక్షణ కలదు. కణము చీలిన ప్రతిమారు అది కొంత తరుగును. మిక్కిలి తరిగిననాడు కణమునకు వార్ధక్యము వచ్చును. హీలావంటి క్యాన్సరు కణములు టెలోమరేసు అను ఒక పదార్థముతో ఆ కొనలను ఎప్పటికప్పుడు సరిచేసికొనుచుండును. కావున వానికి ముదిమి లేదు.

క్యాన్సరు లేని కణశ్రేణులును వైద్యమునకు మిక్కిలి అవసరమైనవి. హేఫ్లిక్ 1962లో రూపొందించిన డబ్ల్యు.ఐ.-38 అను శ్రేణిలో పెంచిన వైరసుతో రుబెల్లా వ్యాధికి టీకాను తయారుచేసిరి. గర్భిణికి రుబెల్లా సోకినచో కడుపులోని బిడ్డకు చెవుడు, గ్రుడ్డితనము కలుగు ప్రమాదము కలదు. ఆ టీకా ఎందరో బిడ్డలను ఆ దుస్థితినుండి కాపాడినది. 1973లో హాలండు దేశమందలి లైడెన్ నగరమున మూత్రపిండ కణములనుండి హెక్-293 అను శ్రేణి పుట్టెను. 2021లో మన దేశమున కోట్లాది ప్రజలు వేయించుకొన్న కోవిషీల్డు టీకాలోని వైరసును ఈ శ్రేణి కణములలోనే పెంచిరి. మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ టీకాకు మాత్రము కోతి మూత్రపిండమునుండి పుట్టిన వీరో అను శ్రేణిని ఉపయోగించిరి.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైన సంగతి యొకటి మిగిలియున్నది. హెన్రియెట్టాను బలిగొన్న వ్యాధికి మూలమేమి? జర్మనీ దేశీయుడగు హెరాల్డ్ సుర్ హౌజెన్ గర్భాశయ ముఖ క్యాన్సరునకు ఒక వైరసు కారణమని ఊహించి వెదకెను. 1980 తరువాతి దినములలో ఆయన, ఆయన శిష్యులు రోగుల కణములందును, హీలా కణములందును ఆ వైరసు జాడను కనుగొనిరి. మూడు దశాబ్దములకు పూర్వము మరణించిన స్త్రీ, తన మృత్యువునకు కారణమేదో తన కణములద్వారా తానే సాక్ష్యము చెప్పినట్లయ్యెను. సుర్ హౌజెనునకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. ఆ వైరసును అడ్డగించు టీకా 2006లో వాడుకలోనికి వచ్చెను. నేడు అనేక దేశములలో మీ వయస్సు బాలికలకు ఆ టీకాను ఇచ్చుచున్నారు. ఆమెకు దక్కని రక్షణ వారికి దక్కుచున్నది.

కణశ్రేణులతో పనిచేయునపుడు జాగరూకత చాల అవసరము. హీలా కణములు మొండివి. గాలిలోని తుంపరతోనో, కడుగని గొట్టముతోనో మరియొక పాత్రలో పడినచో, అందలి కణములను మించిపోయి ఆ పాత్రనంతయు ఆక్రమించును. 1966లో స్టాన్లీ గార్ట్లర్ అను శాస్త్రజ్ఞుడు వేర్వేరు శ్రేణులని అందరును నమ్మిన పదునెనిమిదింటిని పరీక్షించి, అవి నిజమునకు హీలా కణములేయని బయటపెట్టెను. ఎందరి శ్రమయో వృథాయైనది. మరియు హీలా కణమున క్రోమోసోములు 46 కాక చాల ఎక్కువగా నుండును. కావున దానియందు చూచినదంతయు ఆరోగ్యవంతుని దేహమున అట్లే జరుగునని తలపరాదు. నేడు కణశ్రేణులను ద్రవ నత్రజనిలో, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో భద్రపరచి, వాని మూలమును పరీక్షించి మరియు పరిశోధకుల కిచ్చుచున్నారు. మన దేశమున పూనాలోని జాతీయ కణశాస్త్ర కేంద్రము ఇట్టి నిధిని నిర్వహించుచున్నది.

ఇక హెన్రియెట్టా కుటుంబము మాటయేమి? లోకమంతయు ఆమె కణములతో మేలు పొందుచుండగా, ఆమె బిడ్డలకు ఆ సంగతియే తెలియదు. ఆమె పేరు సైతము హెలెన్ లేన్ అని తప్పుగా ప్రచారమయ్యెను. తల్లి కణములు సజీవముగా నున్నవని ఆమె మరణించిన ఇరువదియేండ్లు దాటిన పిదప, 1973 ప్రాంతమున వారు వినిరి. కణములతో వ్యాపారము చేసిన సంస్థలు ధనమార్జించుచుండగా, ఆమె సంతతిలో కొందరికి వైద్యబీమాకైనను శక్తి లేకుండెను. తల్లి కణములపై ఏమి చేయుచున్నారో వారికి తెలియునట్లు చెప్పువారును లేకపోయిరి.

కాలక్రమమున లోకమునకు తన ఋణము గుర్తునకు వచ్చెను. 2010లో రెబెక్కా స్క్లూట్ అను రచయిత్రి ఆమె జీవితమును గ్రంథముగా వెలువరించెను. ఆ యేడే ఆమె సమాధిపై శిల నిలిచెను. 2013లో హీలా కణముల వంశసమాచారమును కుటుంబము నడుగకయే కొందరు ప్రకటింపగా విమర్శలు చెలరేగెను. పిమ్మట అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కుటుంబముతో ఒడంబడిక చేసికొనెను. ఆ సమాచారమును ఎవరికి ఈయవలెనో నిర్ణయించు సంఘమున ఆమె వంశీయులకు స్థానము లభించెను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమెను మరణానంతరము సత్కరించెను. 2023లో, ఆమె జన్మదినమగు ఆగస్టు 1వ తేదీన, ఈ కణములతో వ్యాపారము సాగించిన ఒక సంస్థతో కుటుంబమునకు రాజీ కుదిరినట్లు ప్రకటింపబడెను.

నేడు రోగి దేహమునుండి పరిశోధనకై రక్తపుబొట్టును తీయవలెనన్నను, ఆ పనియొక్క ఉద్దేశమును తెలియజెప్పి అంగీకారము పొందవలెనని నియమము కలదు. మన భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక సూత్రములును ఇదియే చెప్పుచున్నవి. "అడిగిన ఆమె ఇచ్చియుండెడిదే గదా, అడుగకున్న నేమి?" యని కొందరనవచ్చును. ఇచ్చియుండెడిదేమో. కాని అడుగుట వలన ఇచ్చువాని గౌరవము నిలుచును. అడుగక తీసికొనినచో ఎంత మేలు జరిగినను, అందొక వెలితి మిగిలిపోవును.

బాలబాలికలారా! మీరు చిన్ననాట వేయించుకొన్న టీకాల వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల మేధస్సు కలదు. వారితోపాటు, పొగాకు చేలలో పనిచేసిన ఒక తల్లి దేహమునుండి తీసిన తునకయు కలదు. రేపు మీలో కొందరు వైద్యులు కావచ్చును, శాస్త్రజ్ఞులు కావచ్చును. అప్పుడు సూక్ష్మదర్శినిలో మీకు కనబడు ప్రతి కణమును ఒకానొక మనుష్యునిదేయని జ్ఞప్తియందుంచుకొనుడు. పొరుగింటి తోడుతో పెరుగు చేసికొన్నవారు ఆ యింటివారిని మరువరాదు.